అంగడి తరఫున అనసూయమ్మ

రాయికుంటలో నోరున్న మనిషి ఎవరని అడిగితే ఎవరైనా అనసూయమ్మ ఇల్లే చూపించేవారు. నోరున్నదంటే కయ్యాలమారి అని కాదు. పదిమంది గొంతుల్లో ఆగిపోయిన మాటను ఆమె ఒక్కతే పైకి అనగలిగేది. మంచినీళ్ల ట్యాంకరువాడు బస్తీ దాటించి అపార్టుమెంట్ల వైపు బండి తిప్పితే ఎదురెళ్లి నిలబడేది ఆమె. దవాఖానలో చీటీలు రాసేవాడు కసురుకుంటే తిరిగి కసరడానికి ఆమెను తోడు తీసుకుపోయేవారు. ఆ పేరు ఆమెకు బాగుండేది కూడా. మనిషన్నాక ఏదో ఒకటి తనదంటూ ఉండాలి కదా, ఆమెకు ఉన్న ఆస్తి ఆ మాటే.

ఖాజాగూడకూ మణికొండకూ నడుమ ఇరుక్కుపోయిన చిన్న ఊరు రాయికుంట. అనసూయమ్మ కోడలిగా వచ్చిన నాటికి చుట్టూ గుండ్రాళ్ల గుట్టలు, మధ్యలో కుంట. మొగుడు బాలకిష్టయ్య కుంటలో వలేసేవాడు, ఆమె గంపలో పెట్టుకుని అమ్మేది. గుట్టలు పగిలి అద్దాల మేడలయ్యాయి. మేడల వెనక అపార్టుమెంట్లు లేచాయి. వాటి మురుగంతా కుంటలోకి దిగింది. ఒక ఎండాకాలం పొద్దున చేపలన్నీ తెల్లగా పొట్టలు పైకి తేలి కనిపించాయి. ఆ తరువాత బాలకిష్టయ్య వల తీసి అటక మీద పడేసి, ఒక మేడ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. అనసూయమ్మ బేగంబజారు నుంచి ఎండు చేపలు తెచ్చి అంగట్లో అమ్మడం మొదలుపెట్టింది.

ఒకప్పుడు వారానికొకసారి కూడే అంగడి, సాఫ్ట్‌వేర్ జనం వచ్చాక రోజూ కూడేది. నాలుగు దారులు కలిసే చోట, ప్లాస్టిక్ పట్టాల నీడన కూరగాయలు, మట్టికుండలు, చీపుర్లు, కోళ్లు. చివరన అనసూయమ్మ గంపలు. నెత్తళ్లు, ఎండు రొయ్యలు, ఉప్పు పట్టించిన వంజరం ముక్కలు. కోనసీమ నుంచి వచ్చిన బుల్లిబాబు అనే కుర్రాడు కంపెనీ కార్డు మెడలోనే వేలాడుతుండగా వచ్చి వాసన చూసి కళ్లు మూసుకునేవాడు.

"పిన్నిగారూ, మా ఊళ్లో కూడా ఇంత మంచి రొయ్య దొరకదండి."

"మీ ఊరిదే బిడ్డా, తిరిగి తిరిగి నీ దగ్గరికే వచ్చింది," అనేది ఆమె.

ఆమె పక్కన పార్వతమ్మ ఆకుకూరలు అమ్మేది. వయసులో పెద్దది. అనసూయమ్మ మొదటిరోజు గంప ఎక్కడ దించాలో తెలియక నిలబడితే, తన గోనెపట్టాను సగానికి మడిచి, "ఈడ కూసో పిల్లా," అన్నది ఆమె. ఎండు చేపల పక్కన ఆకుకూరలు ఎవరు కొంటారని మిగతావాళ్లు నవ్వారు. ఆనాటి నుంచి ఇద్దరిదీ ఒకటే సద్దిగిన్నె. పార్వతమ్మ మొగుడు పోయినప్పుడు నలభై దినాలూ ఆమె ఇంట్లో పడుకున్నది అనసూయమ్మే.

అలాంటి అంగడి మీదికి కొత్త ప్లాను వచ్చింది.

ఐటీ కారిడారుకు ఒక నడిబొడ్డు కావాలట. నాలుగు దారుల కూడలిలో పెద్ద ఆవరణ, చుట్టూ దుకాణాలు, పైన నడక వంతెన, కింద కార్లు పెట్టుకునే చోటు. ముందు ప్రజల అభిప్రాయం తీసుకుంటామని ప్రకటించారు. ఆ పని మీద వచ్చిన అమ్మాయి పేరు రసజ్ఞ. గుంటూరు వైపు పిల్ల, ప్లానింగు చదివింది, మణికొండలో ఉంటుంది. మిగతా వాళ్లలా నిలబడి ఫోటో తీసుకుని పోలేదు. వచ్చి గోనెపట్టా మీద కూర్చున్నది.

"మీకు ఇక్కడ ఏం కావాలో చెప్పండమ్మా. నేను రాసుకుంటాను."

"ఏం కావాలెనా?" అనసూయమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆడోళ్లం పొద్దుగాల వస్తే చీకటి పడేదాంక ఒంటికి పోనీకి జాగ లేదు బిడ్డా. నీళ్లు తాగుడే బంద్ పెట్టినం. ఇంతవరకు మమ్ముల ఎవ్వలు అడగలే. నువ్వడిగినవు."

రసజ్ఞ తల వంచుకుని చాలాసేపు రాసింది. మరునాడు మళ్లీ వచ్చింది, ఆ మరునాడు కూడా. ఎక్కడ నీడ కావాలి, గంపలు ఏ వైపు దించుతారు, వానొస్తే నీళ్లు ఎటు పారుతాయి, అన్నీ అడిగి బొమ్మలు గీసి చూపించేది. ఒక బొమ్మలో చెట్టు కింద గంపలు ముందు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు ఉన్నారు. అందులో లావుపాటి ఆమెను చూపించి పార్వతమ్మ, "గిది నేనేనా?" అని పగలబడి నవ్వింది.

సభ ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఒక పక్క అపార్టుమెంట్ల వాళ్లు, ఇంకో పక్క బస్తీ వాళ్లు, పెళ్లిలో మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ విడివిడిగా కూర్చున్నట్టు కూర్చున్నారు. అపార్టుమెంట్ల సంఘానికి అధ్యక్షుడు యజ్ఞనారాయణ, రిటైరైన ప్రభుత్వోద్యోగి, మైకు అందుకున్నాడు.

"మేం ఎవరి పొట్టా కొట్టమనడం లేదండీ. మా ఆవిడకు గుండెనొప్పి వచ్చిననాడు అంబులెన్సు ఈ అంగట్లో ఇరుక్కుపోయింది. ఆ పావుగంట నేను ఎలా బతికానో నాకే తెలుసు. వాసన సంగతి వదిలేయండి. దారి కావాలి మాకు."

"ఆనాడు గంపలు నెత్తికెత్తుకుని తోవ ఇచ్చింది మేమే సారూ," అనసూయమ్మ లేచి అన్నది. "అడ్డమున్నయి మీవోళ్ల కార్లు."

"నిజమేనమ్మా, కాదనను. కానీ ఇవ్వడానికైనా ముందు తోవంటూ ఉండాలి కదా."

అనసూయమ్మ కూర్చున్నది. ఆయన మాటలో అబద్ధం లేదు. అటువైపు కుర్చీల్లో బుల్లిబాబు కూడా ఉన్నాడు. ఆమె వైపు చూడకుండా ఫోను చూసుకుంటున్నాడు.

ప్రాజెక్టు అధికారి మధుసూదన్ నెమ్మదిగా మాట్లాడే మనిషి. అందరి మాటా విన్నాడు. ఎవరినీ వెళ్లగొట్టేది లేదన్నాడు. కట్టడం పూర్తయ్యేదాకా అంగడి సర్వీసు రోడ్డు పక్క ఖాళీ జాగాలోకి మారాలి, పూర్తయ్యాక అందరూ తిరిగి రావచ్చు. ఇకమీదట ప్రతి నిర్ణయం ఒక పౌర కమిటీ ముందుకు వస్తుంది. "అంగడి తరఫున ఎవరుంటారు?" అని అడిగాడు.

హాలంతా అనసూయమ్మ పేరే అన్నది. చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఆమె నడుచుకుంటూ ఇంటికి పోలేదు, నేలకు జానెడు ఎత్తున పోయినట్టుంది. బాలకిష్టయ్య మాత్రం బూట్లు విప్పుకుంటూ, "పెద్దోళ్ల పక్కన కుర్చీ ఏసిండ్రంటే ఎందుకేసిండ్రో జర సోచాయించాలె," అన్నాడు.

"నీకు గేటు తెరుసుడు, మూసుడు తప్ప ఏం తెలుసు?" అన్నదామె.

అంగడి ఒక్కమాట మీద లేవలేదు. చీపుర్లవాళ్లు మేం లేచేది లేదన్నారు. కోళ్లవాళ్లు కోర్టుకు పోదామన్నారు. వకీలు దగ్గరికి పోవడానికి ఒకరోజు కూడా ఖాయం చేసుకున్నారు. అనసూయమ్మ ఒక్కొక్కరి ఇంటికీ తిరిగింది. రసజ్ఞ గీసిన బొమ్మలు చూపించింది. నీడ ఉంటది, నల్లా ఉంటది, ఆడోళ్లకు జాగ ఉంటది, ఇన్నేండ్లు రోడ్డు మీద దుమ్ము తిన్నం, ఒక్క ఏడాది ఓర్చుకుందాం అన్నది. నమ్మి చెప్పింది కాబట్టి బాగా చెప్పింది. వకీలు దగ్గరికి ఎవరూ పోలేదు.

చివరిదాకా ఒప్పుకోనిది పార్వతమ్మ.

"నాకు గా పోరి మీద నమ్మకం లేదు, గా సారు మీద లేదు," అన్నది. "బొమ్మలో ఉన్న చెట్టు నాకు నీడనిస్తదా? కానీ నువ్వు చెప్తున్నవు. నీ మాట మీద లేస్తున్న అనసూయ. వాళ్ల మాట మీద కాదు."

"నా మాటే అనుకో అక్కా. నాది పూచీ."

సర్వీసు రోడ్డు పక్క జాగాలో మనిషి నడవడు. కార్లు రయ్యిమని పోతాయి. ఆపితే వెనకవాడు హారన్ కొడతాడు. దుమ్ము పడి ఆకుకూరలు మధ్యాహ్నానికే ముడుచుకుపోయేవి. పార్వతమ్మ నీళ్లు చల్లుతూ, చల్లుతూ, సాయంత్రానికి ఆ కట్టలన్నీ దారిన పోయే బర్రెలకు వేసి ఇంటికి పోయేది. కోళ్లవాళ్లు మొదట పోయారు. కుండల ముసలయ్య శంకర్‌పల్లిలో కూతురింటికి పోయాడు. అనసూయమ్మ పోయేవాళ్లందరినీ చెయ్యి పట్టుకుని ఆపేది. "ఇంకెన్ని పొద్దులు? గోడలు లేస్తున్నయి సూడు," అనేది.

కమిటీ కూర్చున్నప్పుడల్లా ఇస్త్రీ చీర కట్టుకుని పోయేది. మొదట్లో ఆమెను ముందు మాట్లాడమనేవారు. పోను పోను మాటలు ఇంగ్లీషులోకి జారాయి. తెర మీద బొమ్మలు మారుతూ వచ్చాయి. ఒకసారి చెట్టు పోయి దాని చోట నీటి ఫౌంటెన్ వచ్చింది. ఇంకోసారి గంపల చోట అద్దాల దుకాణాలు వచ్చాయి. ఆమె లేచి అడిగేది. మధుసూదన్ ఓపిగ్గా విని, "రాసుకున్నామమ్మా, మీ సూచన చాలా విలువైనది," అనేవాడు. నిజంగానే పక్కనున్నాయన రాసుకునేవాడు. టీ వచ్చేది. రసజ్ఞ చివరి కుర్చీలో కూర్చుని గోళ్లు చూసుకునేది.

మధ్యలో వదిలేసి రావచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. రాలేకపోయింది. తాను పోకపోతే ఆ ఒక్క మాట కూడా అనేవాళ్లు ఉండరని ఆమె భయం. అంతకంటే లోపల ఇంకో భయం ఉంది. వదిలేస్తే, లేపి తెచ్చినవాళ్లకు ఏమని చెప్పాలి?

కట్టడం పూర్తి కావస్తుండగా రసజ్ఞ ఇంటికి వచ్చింది. మంచం అంచున కూర్చున్నది. చాయ్ తాగలేదు.

"అమ్మా, దుకాణాలన్నీ వేలం పాటలో ఇస్తారటండి. పెద్ద పెద్ద కంపెనీలు వస్తున్నాయి. అంగడి వాళ్లందరికీ కుదరదంటున్నారు."

"అందరికీ కాకపోతే ఎందరికి?"

"స్థానికులకని ఒక్కటి ఉంచారు. పల్లె రుచులు అని బోర్డు పెడతారు. సకినాలు, సర్వపిండి, అలాంటివి. ఎండు చేపలు మాత్రం వద్దన్నారు. నేను గట్టిగా పోట్లాడానండి. కనీసం మీకైనా రావాలని మీ పేరు పెట్టించాను."

అనసూయమ్మ చాయ్ గ్లాసు పక్కకు జరిపింది.

"నా పేరు? నేనడిగిన్నా నిన్ను?"

"మీకు మంచి జరుగుతుందని..."

"మంచేనా బిడ్డా ఇది? వాళ్లందరినీ నేను లేపిన. ఇప్పుడు నేనొక్కదాన్నే పోయి గా అద్దాల్ల కూసోవాల్నా? ఇంతకంటే నాకు కూడా లేదంటే బాగుండు."

రసజ్ఞ ఏడ్చింది. ఆ పిల్ల ఏడుపు చూస్తే కోపం రాలేదు, జాలి కూడా రాలేదు. ఏమీ రాలేదు. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, పోతారు, వాళ్లకు వేరే ప్రాజెక్టు దొరుకుతుంది అనుకున్నది.

ఈ సంగతి తానే ముందుగా అంగట్లో చెప్పాలని బయలుదేరింది. ఆలస్యమైపోయింది. ఆవరణ చుట్టూ కట్టిన రేకుల మీద అప్పటికే పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. రాయికుంట ప్రజల కలల కూడలి అని పైన రాసి, కింద నవ్వుతున్న అనసూయమ్మ. ఏనాడో కమిటీలో తీసిన ఫోటో. పక్కనే, పల్లె రుచులు, త్వరలో. సర్వీసు రోడ్డు దగ్గర మిగిలిన ఆడవాళ్లు ఆమె వస్తుంటే మాట ఆపేశారు. ఎవరూ తిట్టలేదు. తిడితే సమాధానం చెప్పేది.

మరునాడే మధుసూదన్ ఆఫీసుకు పోయి దుకాణం వద్దన్నది. ఆయన కుర్చీలోంచి లేచి మరీ నచ్చజెప్పాడు.

"ఆలోచించుకోండమ్మా. మీరు వదిలేస్తే వాళ్లకేం రాదు. ఇంకెవరికో పోతుంది."

"పోనీయ్ సారూ. నా ముఖం తీసెయ్యుండ్రి గంతే."

ఆయన చెప్పినట్టే జరిగింది. ఆ దుకాణం ఒక కార్పొరేట్ మిఠాయి కంపెనీకి పోయింది. ఫ్లెక్సీ మాత్రం ప్రారంభోత్సవం అయ్యేదాకా అలాగే ఉంది. బస్తీలో పుట్టిన మాటేమిటంటే, అనసూయమ్మ తన దుకాణం ఆ కంపెనీకి అమ్ముకున్నదని. వద్దని వదిలేసిందంటే ఎవరు నమ్ముతారు? ఈ రోజుల్లో వచ్చినదాన్ని కాలదన్నేవాళ్లున్నారా? బాలకిష్టయ్య కూడా రెండు రోజులు ఆమె ముఖం వంక అదోలా చూసి, చివరికి, "నిజంగనే వద్దన్నవా?" అని అడిగాడు. అప్పుడు తెలిసిందామెకు, ఇన్నేళ్లూ తనదనుకున్న మాట ఇక తన దగ్గర లేదని.

యజ్ఞనారాయణకు మాత్రం దారి దొరికిందా అంటే అదీ లేదు. కూడలి కింద కార్లు దిగే దారి సరిగ్గా ఆయన అపార్టుమెంటు గేటు ముందు పెట్టారు. సాయంత్రమైతే అక్కడ సైకిలు కూడా కదలదు. ఆయన ఇప్పుడు అర్జీలు రాస్తున్నాడు.

పార్వతమ్మ ఒక మేడలో ఊడ్చే పనికి చేరింది. ఊదారంగు చొక్కా, నెత్తికి వల టోపీ. అనసూయమ్మ చాలాకాలం ఎదురుపడకుండా తప్పించుకుని తిరిగింది. ఒకరోజు మధ్యాహ్నం ఉండబట్టలేక ఆ మేడ వెనక గోడ దగ్గరికి పోయింది. పనివాళ్లు సద్దులు విప్పే చోటు అది. పార్వతమ్మ అన్నంలో పచ్చడి కలుపుతున్నది. తలెత్తి చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది.

"తిన్నవా?"

"తిన్న అక్కా." తినలేదు.

అనసూయమ్మే మొదలుపెట్టింది. కమిటీలో ఏం జరిగిందో, తానేం అడిగిందో, దుకాణం ఎందుకు వద్దన్నదో, అంతా చెప్పింది. సగం చెప్పేసరికి తన మాటలు తనకే సాకుల్లా వినబడసాగాయి. అయినా ఆపలేదు. పార్వతమ్మ ముద్ద ముద్దకూ తల ఊపుతూ విన్నది. గిన్నె కడుక్కుని వచ్చి కొంగుతో చేతులు తుడుచుకున్నది.

"అమ్ముకున్నవని నాకు కోపం లేదు అనసూయ," అన్నది, ఎంతో నెమ్మదిగా. "కష్టమొస్తే ఎవ్వలైనా అమ్ముకుంటరు. నేనైనా అమ్ముకుందునేమో. నాతోని చెప్పి అమ్ముకుంటే అయిపోవు. గదే బాధ."

అనసూయమ్మ నోరు తెరిచింది. అమ్మలేదని ఇప్పుడే కదా చెప్పింది! మళ్లీ ఎలా చెప్పాలి? ఇంకే మాటలతో చెప్పాలి? పార్వతమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, క్షమించినదానిలా తట్టి, సూపర్‌వైజరు పిలుస్తున్నాడని లోపలికి పోయింది. తిట్టినా ఇంత మండేది కాదు. చెయ్యని తప్పుకు దొరికిన క్షమను తీసుకుపోయి ఎక్కడ పారెయ్యాలో ఆమెకు తెలియలేదు.

ఈ ఏడు వానలు తగ్గాక రెండో దశ అన్నారు. ఈసారి కుంట కట్ట. కట్ట మీది ఇళ్లు తీసి నడక దారి, బెంచీలు, లైట్లు వేస్తారట. అనసూయమ్మ ఇల్లు కూడా ఆ వరుసలోనే ఉంది. మళ్లీ అభిప్రాయ సేకరణ, మళ్లీ అదే ఫంక్షన్ హాలు. పిలవడానికి రసజ్ఞే వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఈసారి మీ ఇల్లేనండీ పోయేది. మీరు రాకపోతే మీవాళ్ల మాట ఎవరు చెప్తారు?"

"నేను వచ్చి చెప్పిననాడు ఎవ్వలు ఇన్నరు బిడ్డా?"

"అయినా రండి. రికార్డులో ఉంటుంది."

"నేను హాలు మెట్లెక్కితే కట్ట మీదోళ్లు ఏమనుకుంటరో ఎరుకేనా? ఈమె మళ్ల బేరానికి పోయింది అంటరు. నా ఇల్లు పోతె పోనీ. గా మాట ఇంకోసారి పడలేను."

సభ రోజున తలుపు దగ్గరగా వేసుకుని ఇంట్లోనే కూర్చున్నది. కట్ట మీదివాళ్లెవరూ పోలేదు. పోయి ఏం బావుకున్నారు అంగడివాళ్లు అని వాళ్లలో వాళ్లే అనుకున్నారు. ఒకరికొకరు చెప్పుకోకుండానే అందరూ ఆగిపోయారు. అదే వాళ్లు చేసిన నిరసన.

ఇప్పుడామె గంప నెత్తిన పెట్టుకుని మణికొండ గల్లీల్లో తిరుగుతుంది. అపార్టుమెంట్ల గేట్లలోకి రానివ్వరు. బుల్లిబాబు ఫోను చేసి, తానే కిందికి దిగి, గేటుకు కాస్త ఎడంగా నిలబడి కొనుక్కుంటాడు. సభ అయిన వారం కూడా అలాగే వచ్చాడు. రొయ్యలు తూస్తుంటే నసిగాడు.

"పిన్నిగారూ, మీ కట్ట సంగతి మా సంఘం గ్రూపులో వచ్చిందండి. మీటింగు రిపోర్టు."

"ఏమని వచ్చింది?"

అతను ఫోను తీసి, చదవాలా వద్దా అన్నట్టు చూసి, చదివాడు. "స్థానిక నివాసుల నుంచి ఎటువంటి అభ్యంతరాలు రాలేదు. ప్రతిపాదన ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

అనసూయమ్మ తరాజు కింద పెట్టింది. కట్ట మీద ఎన్ని గడపలున్నాయో, ఏ గడపలో ఎవరున్నారో అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. మాట్లాడిననాడు ఆ మాటను వాడుకున్నారు. మాట్లాడకపోతే ఆ మౌనాన్నీ వదల్లేదు.

"మేం వెళ్లాం గానీ, మీరైనా వచ్చి అడగాల్సిందండీ," అన్నాడు బుల్లిబాబు.

"నువ్వుంటివి గద బిడ్డా హాల్ల."

అతను తల దించుకున్నాడు. ఆమె రొయ్యలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చి, గంప ఎత్తమని సైగ చేసింది. అతను అటూ ఇటూ చూసి, గబగబా ఎత్తిపెట్టి, లిఫ్టు వైపు పోయాడు. ఆమె నెత్తి మీది చుట్టకుదురు సర్దుకుని పక్క గల్లీలోకి తిరిగింది. మామూలుగా అయితే అక్కడ గట్టిగా కేకేసి అమ్మేది. ఆ రోజు ఆ గల్లీ చివరిదాకా కేక వెయ్యకుండానే నడిచిపోయింది.